బాక్సైట్: టన్నుల లెక్కతో పాటు నీటి లెక్కా కావాలి

ఎస్. రాయవరం: దిమ్మ రంగు, గట్టిదనం చూడనిదే అనకాపల్లిలో ఏ వర్తకుడూ బెల్లానికి ధర పలకడు. నర్సీపట్నం చేరువన మాకవరపాలెంలో మాత్రం 2007 నాటి ఒప్పందాన్ని నమ్ముకుని అల్యూమినా కర్మాగారం ముందే లేచింది. ముడిసరుకు చింతపల్లి మన్యంలోనే ఉండిపోయింది. జెర్రెల గనులకై 2015లో వెలువడిన ఉత్తర్వు 2019లో రద్దయింది. కోట్ల పెట్టుబడి ఖనిజం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

నిల్వల లెక్కలో లోపం లేదు. తూర్పు కనుమల బాక్సైట్‌ను భూగర్భ సర్వే శాఖ 1970 దశకంలోనే వెలుగులోకి తెచ్చింది. విశాఖ మన్యంలో 50 కోట్ల టన్నులకు పైమాటే. వర్తకుల దాకా వచ్చినది ఈ అంకె ఒక్కటే. కొండ నెత్తిన ఉండే ఈ గుల్లరాయి వాననీటిని పీల్చి, అడుగున ఊటలుగా వదులుతుంది. కాఫీ, మిరియాల తోటలు ఆ వాలుల మీదనే ఉన్నాయి. మిరియాలు కొనేవారికి ఇది తెలియని సంగతి కాదు! గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు గనులకు అడ్డుకట్ట వేసిన 1997 నాటి సమతా తీర్పు ఉండనే ఉంది.

బాక్సైట్ కొరత ఐరోపాకూ తప్పలేదు. అక్కడి సమాఖ్య 2024 మేలో అమలులోకి తెచ్చిన కీలక ముడిసరుకుల చట్టం, వ్యూహాత్మక ఖనిజాల వాడకంలో 2030 నాటికి 10 శాతం సొంత గనుల నుంచి, 25 శాతం పాత సరుకు నుంచి రాబట్టాలంటోంది. అందుకు ప్రతి సభ్యదేశమూ ముందుగా అన్వేషణ కార్యక్రమం రూపొందించుకోవాలి. అంటే మొదటి మాట భూగర్భ శాస్త్రజ్ఞునిదే. ఇక్కడ ఆయన నివేదికలో సగమే బేరానికి పనికివచ్చింది.

మన్యం ఖనిజం పేరిట వాటాలు, రవాణా కాంట్రాక్టులు చూపేవారిని నిల్వల నివేదికతో పాటు ఊటల నివేదిక కూడా అడగవలసి ఉంది. రెండవది లేనిచోట లారీకైనా బయానా ఇవ్వకపోవడం మేలు.