కూర్చున్న కాలానికి కూలి

"ఊరికే కూర్చున్నవాడికి ఓవర్‌టైమేమిటండీ?" అన్నారొక పెద్దమనిషి, మొన్న చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచ్చేరీ ఇంకా మొదలు కాకముందు. ఆయన రిటైరైన ఆఫీసరు. పక్క కుర్చీలోని కుర్రవాడు అశోక్‌నగర్‌లో గది తీసుకుని పోటీపరీక్షలకు చదువుతున్నాడు. వాడి అన్న ఎక్కడో ఊరికి దూరంగా రైల్వే గేటు దగ్గర ఉద్యోగం. వారానికి 72 గంటల డ్యూటీ అని వాడు చెప్పగా పుట్టిన ప్రశ్న అది. పెద్దవారి ముందు మాట పెగలక కుర్రవాడు ఊరుకున్నాడు. వాడి తరఫున నాలుగు ముక్కలు నేను చెప్పవలసి వచ్చింది.

1989 నాటి రైల్వేల చట్టంలో ఉద్యోగులకు కొన్ని తరగతులున్నాయి. అందులో ఒకటి 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్'. మన మాటల్లో, ఆగి ఆగి చేసే పని. పన్నెండు గంటల డ్యూటీలో సగమో, అంతకు మించో, ఒళ్లు వంచడం గాని, ఎడతెగని ఏకాగ్రత గాని అక్కరలేని కాలమైతే ఆ ఉద్యోగాన్ని ఈ తరగతిలో వేయవచ్చు. రద్దీలేని గేట్ల కాపలాదారులు ఇందులోకి వస్తారు. నిరంతరంగా పనిచేసేవారికి వారానికి సగటున 54 గంటలు చట్టం పెట్టిన హద్దు. వీరికి 75. ఆ హద్దు దాటాకనే రెట్టింపు కూలి.

2005 నాటి నియమాలు చూస్తే మరో చిత్రం. ఈ తరగతిలో చాలామందికి వారానికి 60 గంటలు. చిన్న స్టేషనులో ఉద్యోగమై, అర కిలోమీటరు లోపల క్వార్టర్సు కూడా ఇస్తే 72! రాకపోకల కాలం కలిసివస్తుందని కాబోలు. కాని ఇల్లాలికి మాత్రం ఆ యింటి అద్దె మగని గంటల రూపంలో కడుతున్నట్టే వుంటుంది.

ఆఫీసరుగారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఎండలో గునపం పట్టినవాడికీ, నీడలో బల్లమీద కూర్చున్నవాడికీ ఒకటే లెక్క అంటే ఖజానా ఏమైపోవాలి? నిజమే. అయితే ఆ బల్లమీద కూర్చున్నవాడు లేచి సంతకు వెళ్లగలడా? బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరకు తీసుకుపోగలడా? ఫోను మోగిన క్షణాన గేటు పడాలి. ఆ ఒక్క క్షణం కోసమే మిగిలిన గంటలన్నీ కట్టివేశారు. చేతులు ఖాళీయే గాని మనిషి ఖాళీ కాదు.

మన ఇళ్లలో మాత్రం? నారాయణగూడలో కుళాయి నీళ్లు వదిలే వేళ అని గడప దాటకుండా కూర్చున్న ఇల్లాలిని, "ఖాళీగానే వున్నావుగా, కాస్త బజారుకు వెళ్లిరా" అనే మగవారు ఎంతమంది లేరు!

ఈ తగవు ఒక్క మనకే వచ్చింది కాదు. స్పెయిన్ దేశపు వాలెన్సియా ప్రాంతంలోని డాక్టర్ల విషయంలో 2000వ సంవత్సరంలో ఐరోపా న్యాయస్థానం ఒక గీత గీసింది. పిలుపుకోసం ఆరోగ్యకేంద్రంలోనే వుండిపోతే ఆ కాలమంతా పనికాలమే. ఇంటివద్ద వుండి, పిలిస్తే వచ్చేటట్టయితే, వచ్చి పనిచేసిన కాలమే లెక్క. నాకు ఇది సబబుగా తోచింది. నిద్రపోయాడా, మేలుకున్నాడా అని కాదు. లేచి తన దారిన తాను పోగలడా, లేడా అన్నదే కొలబద్ద కావాలి.

అశోక్‌నగర్ పిల్లలకు ఒక మాట. ఉద్యోగప్రకటనలో జీతం స్కేలు ఒక్కటే చూడకండి; డ్యూటీ ఏ తరగతిదో కూడా అడిగి తెలుసుకోండి. రైల్వేలో మీ తరగతి తప్పుగా నిర్ణయించారనిపిస్తే రీజనల్ లేబర్ కమిషనరుకు అప్పీలు చేసుకునే దారి వుంది.

ఇక మనం. కాచిగూడ దాటి ఎక్కడో గేటు పడితే, అయిదు నిమిషాలకే హారను మోగిస్తాం. ఆ అయిదు నిమిషాలు మనం ఊరికే కూర్చున్నామని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా?