గదికి ఒకే ఉష్ణోగ్రత అంటే మేము ఒప్పుకోము

ఒక గదికి ఒకే ఉష్ణోగ్రత ఉంటుందని చెప్పే లెక్కను మేము నమ్మము. రెండంతస్తుల మంచాల మీద పడుకునేవాళ్లం కాబట్టి నమ్మలేము. ఏప్రిల్ నెల వచ్చిందంటే కింది మంచం వాళ్లకు ఎలాగో కన్ను మూతపడుతుంది. పై మంచం వాళ్లు దుప్పటి చంకన పెట్టుకుని నేల మీదికి దిగుతారు. వేడిగాలి తేలిక కాబట్టి పైకి చేరుతుందని హైస్కూలు పాఠాల్లోనే చదువుకున్నాం. దానికి తోడు పగలంతా ఎండకు కాగిన శ్లాబు, పొద్దు గూకిన తరువాత కూడా గంటల తరబడి సెగ వదులుతూనే ఉంటుంది. ఆ సెగ ఎక్కువగా తగిలేది పై మంచానికే. సాధారణంగా ఆ మంచం కొత్తగా చేరిన చిన్న తరగతుల తమ్ముళ్లకే దక్కుతుందన్నది వేరే కథ.

ఈ సంగతి ఇంజనీర్ల దాకా వెళ్లాలన్నదే మా అభిప్రాయం. ఈ రోజుల్లో భవనం కట్టక ముందే, లోపల ఎంత వేడి ఉంటుంది, ఎంత కరెంటు ఖర్చవుతుంది అని కంప్యూటరులో లెక్క వేసి చూస్తున్నారు. అందుకు బాగా వాడే ప్రోగ్రాము ఎనర్జీప్లస్. అమెరికా ఇంధన శాఖ 2001లో దీన్ని విడుదల చేసింది, ఉచితంగానే దొరుకుతుంది. మన దేశంలో 2007లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి కూడా ఇలాంటి లెక్కతో రుజువు చూపే దారి ఇచ్చింది. అయితే ప్రత్యేకంగా వేరే పద్ధతి ఎంచుకోకపోతే, గదిలోని గాలంతా కవ్వంతో చిలికిన మజ్జిగలా ఒకటిగా కలిసిపోయిందని ఈ ప్రోగ్రాము అనుకుంటుంది. గది మొత్తానికి ఒకే అంకె ఇస్తుంది.

ఆ అంకె ఎవరిది? ఉదాహరణకు 3 మీటర్ల ఎత్తు గదిలో మీటరుకు ఒకటిన్నర డిగ్రీ చొప్పున వేడి పెరుగుతోందనీ, సగటు 34 డిగ్రీలనీ అనుకుందాం. అర మీటరు ఎత్తున పడుకున్నవారికి 32.5 డిగ్రీలు. పై మంచం మీద కూర్చుని చదువుకునేవారి తల 2.3 మీటర్ల ఎత్తున ఉంటే అక్కడ 35.2 డిగ్రీలు. శ్లాబు సెగ ఇందులో చేరలేదు. సగటు తప్పు కాదు గానీ, ఆ 34 డిగ్రీలలో కింద పడుకున్నవారూ లేరు, పైన చదువుకునేవారూ లేరు. మనిషి కాలి మడమకూ తలకూ మధ్య వేడిలో మరీ ఎక్కువ తేడా ఉండరాదని అష్రే 55 అనే ప్రమాణం చెబుతోంది. ఒక మనిషి ఒంటికే అంత పట్టింపు ఉన్నప్పుడు, ఒకరి మీద ఒకరు పడుకునే ఇద్దరి సంగతి లెక్కలో ఉండవద్దా?

ఏ.సి. ఉన్న కంప్యూటర్ గదుల్లో ఇదే తిరకాసు ఇంకో రూపంలో వస్తుంది. స్ప్లిట్ ఏ.సి. సాధారణంగా తనలోకి పీల్చుకునే గాలి వేడిని చూసుకుంటుంది. అది గోడకు ఎత్తున బిగించి ఉంటుంది కాబట్టి పైగాలినే పీలుస్తుంది. 2020 నుంచి కొత్త ఏ.సి.లు ఆన్ చేయగానే 24 డిగ్రీలకు ఉండాలని కేంద్రం నియమం పెట్టింది, మంచిదే. కానీ పైన 24 వచ్చే వరకు యంత్రం తిరుగుతూ ఉంటే, బెంచీల దగ్గర అంతకంటే చల్లబడిపోవచ్చు. కంప్యూటరు లెక్కలో థర్మోస్టాటూ కుర్చీలోని విద్యార్థీ ఒకే గాలిలో ఉంటారు. నిజం గదిలో ఉండరు. అందుకే లెక్కలో తేలిన బిల్లు ఒకటి, చేతికి వచ్చేది ఇంకొకటి కావచ్చు.

ప్రోగ్రాములో దారి లేక కాదు. ఎనర్జీప్లస్‌లోనే గాలిని పొరలుగా చూపే పద్ధతులున్నాయి. థర్మోస్టాటు దగ్గరి గాలి సగటు కంటే ఎంత తేడాగా ఉందో చెప్పే వీలూ ఉంది. చిక్కల్లా ఏమిటంటే, వాటిలో సులువైన పద్ధతికి మీటరుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో మనమే చెప్పాలి, అది తనంతట తాను కనిపెట్టదు. సీలింగ్ ఫ్యాను తిరిగితే పొరలు కలిసిపోతాయి, కరెంటు పోతే మళ్లీ ఏర్పడతాయి. కాబట్టి ఇలాంటి గదుల్లోనే కొలవాలి.

కొలవడానికి నిధులు మంజూరు కానక్కర లేదు. సైన్సు గదిలోని థర్మామీటర్లు మూడు చాలు. మంచం కోడుకు ఒకటి నేలకు జానెడు ఎత్తున, ఒకటి కింది తలగడ దగ్గర, ఒకటి పై తలగడ దగ్గర కట్టి, మధ్యాహ్నం 3 గంటలకూ రాత్రి 10 గంటలకూ చూసి, ఫ్యాను తిరుగుతోందో లేదో పక్కనే రాయాలి. వచ్చే ఏప్రిల్ నెలంతా ఈ పని చేయడానికి మేము సిద్ధం. కొత్త హాస్టల్ భవనానికి ప్లాను గీసే ఇంజనీరు గారు, గీతలు గీయకముందే ఆ నోటుపుస్తకం ఒకసారి అడిగి తీసుకోవాలని మా మనవి.