రాతి ఏనుగు ఏ ఊరిది?

షోకేసులోని ఆకుపచ్చ రాతి ఏనుగును జేడ్ అని నమ్మేసేవాళ్లు చాలామంది. అమ్మేవాళ్లకు కావలసిందీ అదే. బొమ్మను తిరగేసి, అడుగున కనబడని చోట గోటితో గీయండి. గీత పడి, వేళ్లకు జారుడుగా తగిలే తెల్లటి పొడి రాలితే అది బలపపు రాయి. జేడ్ అయితే చాకుమొనకు కూడా లొంగదు. గోటికి లొంగక చాకుకు లొంగి, నిమ్మరసం చుక్కకు సన్నగా నురగ కడితే పాలరాయి అనుకోవచ్చు (ఆ చుక్క మెరుపును తినేస్తుంది, పైన మాత్రం వేయకండి). అయితే రాయి పేరు తెలిసినంత మాత్రాన ఊరు తెలియదు. బలపపు రాతిని ఆగ్రాలోనూ చెక్కుతారు, కెన్యాలోని టబాకాలోనూ చెక్కుతారు. అక్కడ చూడాల్సింది చేతిపని. ఒళ్లంతా జాలీ, ఆ కన్నాల్లోంచి కనిపించే పిల్ల ఏనుగు, అదీ అదే రాతిలో లోపలే తొలిచినదైతే నా ఓటు ఆగ్రాకే. నున్నటి ఒంటికి రంగు పూసి, పైన తెల్లగా గీతలు గీకితే టబాకాలోని కిసీ తెగ పనివాళ్లది కావచ్చు. ‘పురాతనం’ అన్న చీటీని మాత్రం నేను లెక్కచేయను. జాలీ మూలల్లో చెక్కినప్పటి పొడి ఇంకా తాజాగా ఉంటే వందేళ్ల వయసు ఎక్కణ్నుంచి వస్తుంది?