ప్రావ్దా సంపాదకీయం, ఆంధ్ర ఓటరు

మద్యనిషేధం వివాదంలో ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఏడాది కిందటే పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికి మరుసటి ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఓటు ద్వారా కమ్యూనిస్టులు అధికారానికి వచ్చే తొలి రాష్ట్రం ఇదే అవుతుందని అభిమానులు ఆశపడ్డారు, ప్రత్యర్థులు భయపడ్డారు. ప్రచారం ముమ్మరంగా సాగుతుండగా, 1955 జనవరి 26న, మాస్కోలో సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్ని అచ్చు వేయించి ఆంధ్రలో ఊరూరా పంచారు. ఫిబ్రవరి 2న ఢిల్లీలో భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందంపై భారత్, సోవియట్ యూనియన్ సంతకాలు చేశాయి.

కృష్ణా జిల్లాలో నెహ్రూ పార్టీకి వ్యతిరేకంగా జెండా పట్టుకు తిరుగుతున్న కార్యకర్తకు ఆ సంపాదకీయం ఎంత దెబ్బో ఊహించుకోవచ్చు. మాస్కో లెక్క వేరు. 1954 మే నెలలో పాకిస్తాన్ అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం చేసుకుంది, సెప్టెంబరులో అమెరికా నాయకత్వంలోని సీటో సైనిక కూటమిలో చేరింది. ఇక భారత్ అటు మొగ్గకుండా చూసుకోవడం సోవియట్లకు ముఖ్యమైంది. కర్నూలులో ఏర్పడే ఎర్ర మంత్రివర్గం కన్నా ఢిల్లీలో ఏ కూటమిలోనూ చేరని నెహ్రూ వాళ్లకు ఎక్కువ విలువైనవాడు.

అయితే ఆ సంపాదకీయమే కమ్యూనిస్టులను ఓడించిందంటే నేను ఒప్పుకోను. 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. ఓట్లు మాత్రం 31 శాతం. 1952తో పోలిస్తే వాళ్ల ఓట్ల వాటా పెరిగింది. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఈసారి ఒక్కటై నిలబడడంతో చీలే ఓట్లు చీలలేదు. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ కమ్యూనిస్టులపై నిప్పులు చెరిగింది. భూమి పోతుందన్న భయం, కులం, డబ్బు అన్నీ పనిచేశాయి. అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ ఆంధ్ర కమ్యూనిస్టులకూ కులానికీ ఉన్న సంబంధంపై మరుసటి ఏడాదే పెద్ద వ్యాసం రాశాడు. మాస్కో తన స్వార్థం చూసుకుంది, నిజమే. కానీ ఫలితాన్ని తేల్చింది ఇక్కడి మనుషులు, ఇక్కడి తగాదాలు.

ప్రచ్ఛన్న యుద్ధాన్ని మన పిల్లలకు ఇలా చెప్పం. క్యూబా క్షిపణులు, బెర్లిన్ గోడ, నాటో, వార్సా ఒప్పందం వరసగా అప్పజెప్పిస్తాం. ఇప్పుడు అదీ పోయింది. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలోంచి ప్రచ్ఛన్న యుద్ధం అధ్యాయాన్ని భారం తగ్గించే పేరుతో తీసేశారు. అమెరికా ఆధిపత్యం మీద అధ్యాయమూ దాంతోపాటే పోయింది. పెద్ద దేశాలు మళ్లీ కూటములు కట్టుకుంటున్న రోజుల్లో, ఓటు హక్కుకు అడుగు దూరంలో ఉన్న పిల్లల చేతిలోంచి ఈ పాఠాన్ని లాగేయడం నన్ను బాధిస్తోంది. దీన్ని తిరిగి పెట్టాలి. అయితే పెట్టేటప్పుడు వాషింగ్టన్, మాస్కోల వైపు నుంచి కాక, ఎన్నికలు జరిగిన దేశాల వైపు నుంచి రాయాలి.

చిలీతో మొదలుపెట్టవచ్చు. 1932 నుంచి అక్కడ ఎన్నికైన ప్రభుత్వాలు తెగకుండా నడిచాయి. 1964 అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన ఫ్రెయ్ ప్రచార ఖర్చులో సగానికి పైగా సీఐఏ రహస్యంగా భరించింది. 1970 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు నాయకుడు డాక్టర్ సాల్వడార్ అయెండె నాలుగో ప్రయత్నంలో 36 శాతం పైచిలుకు ఓట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. అతన్ని గద్దెనెక్కనివ్వద్దని, చిలీ ఆర్థిక వ్యవస్థ గిలగిల్లాడాలని నిక్సన్ సీఐఏ అధిపతిని ఆదేశించాడు. రాజ్యాంగాన్ని కాదని సైన్యం కదలదని గట్టిగా నిలబడిన సేనాని రెనె ష్నైడర్‌ను అక్టోబరు 22న దుండగులు కాల్చారు. అతను మరణించడానికి ఒక రోజు ముందు, 24న, చిలీ పార్లమెంటు అయెండెను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ సైనికాధికారి పేరు మన విద్యార్థులకు తెలియాలని నా కోరిక.

తర్వాతి మూడేళ్ల కథలో చిలీ వాళ్ల సొంత చీలికలూ ఉన్నాయి. ధరలు మండిపోయాయి, లారీల యజమానులు సమ్మెకు దిగారు, పార్లమెంటులో మెజారిటీ ప్రతిపక్షానిదే. వాషింగ్టన్ ఆ పగుళ్లలో డబ్బు పోసింది. మాస్కో మాత్రం ఏం చేసింది? 1972 డిసెంబరులో అయెండె స్వయంగా వెళ్లి అడిగినా, ఆశించినంత విదేశీ మారకం దొరకలేదు. 1973 సెప్టెంబరు 11న అధ్యక్ష భవనంపై విమానాలు బాంబులు వేశాయి. ఆ సైనిక కుట్రతో గద్దెనెక్కిన సేనాని పినోచె పాలనలో మూడు వేల మందికి పైగా చంపబడ్డారు లేదా మాయమయ్యారు.

ఇదంతా మనకు ఎలా తెలిసింది అన్నది కూడా పాఠంలో భాగం కావాలి. 1975లో అమెరికా సెనేట్‌లో ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సీఐఏ అధికారులను పిలిచి ప్రశ్నించి, చిలీ వ్యవహారంపై నివేదికను బయటపెట్టింది. అవతలి కూటమిలో చెకోస్లొవేకియా సంగతి చూడండి. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి ట్యాంకులు వచ్చి ప్రాగ్ సంస్కరణలను తొక్కేశాయి. ట్యాంకులను పంపమని సంస్కరణలు గిట్టని అక్కడి కమ్యూనిస్టు నాయకులు వాసిల్ బిల్యాక్ తదితరులు రాసిన ఉత్తరం మాస్కో బీరువాల్లోనే ఉండిపోయింది. సోవియట్ యూనియన్ కూలాక, 1992లో గానీ యెల్త్సిన్ దాన్ని ప్రాగ్‌కు అప్పగించలేదు. చర్చ్ నివేదిక వల్ల వాషింగ్టన్ నేరం ఇసుమంత తగ్గదు. చనిపోయినవాళ్లకు అది ఏ న్యాయమూ చేయలేదు. కానీ తన ప్రభుత్వం చేసిన పాపాన్ని తన సభలోనే అచ్చు వేయించగల దేశానికీ, రాజ్యం కూలితే తప్ప బీరువా తెరవని దేశానికీ తేడా ఉంది. ప్రజాస్వామ్యం విలువ గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ముందు ఈ తేడానే చూపిస్తాను.

మన రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1955 జనవరి, ఫిబ్రవరి నెలల కమ్యూనిస్టు పత్రిక విశాలాంధ్ర, ఆంధ్రప్రభ సంచికలను పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. చర్చ్ కమిటీ చిలీ నివేదిక పెద్ద గ్రంథమేమీ కాదు. తెలుగు అకాడమీ తలచుకుంటే వచ్చే విద్యా సంవత్సరానికి తెలుగులోకి తేవచ్చు.