“ఇండోర్ ప్లాంట్” – ఒక అపప్రయోగం

ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లల వ్యాసాలలోని అపప్రయోగాలకు ఎఱ్ఱసిరాతో సున్నాలు చుట్టిన చెయ్యి ఇది. ఉద్యోగం వదిలినా అలవాటు వదలలేదు. ఈసారి ఆ సున్నా “ఇండోర్ ప్లాంట్” అనే మాటకు చుట్టవలసి వచ్చింది. ఇంటిలో పుట్టిన మొక్క అంటూ ఏదీ లేదు. మనం ఇంటిలోకి తెచ్చుకొన్న మొక్కలున్నాయి, అంతే.

సంగతేమంటే, మా ఇంటావిడ అమ్మాయి పురిటికని అమెరికా వెళ్తూ, నా ఎత్తు పెరిగిన రబ్బరుమొక్కను నాకు అప్పగించింది. “మీరు దాన్ని చంపకుండా ఉంటే అదే పదివేలు” అన్నది. మనసు చివుక్కుమన్నది. కిటికీ దగ్గరున్న కుండీని, అందంగా ఉంటుందని, సోఫా పక్కన గోడవారకు జరిపాను. రోజూ స్నానం కాగానే తులసికోటలో నీళ్ళు పోసే అలవాటు కనుక దీనికీ ఒక చెంబు పోశాను. మూడు వారాలకు ఆకులు వాలాయి. దాహమనుకొని రెండు చెంబులు పోశాను. అడుగు ఆకులు పసుపుబారి రాలసాగాయి.

కుండీలోంచి తీసి చూస్తే సగం వేళ్ళు నల్లబడి మెత్తగా కుళ్ళి ఉన్నాయి. వాలిన ఆకులో శ్లేష ఉన్నదని అప్పుడు తెలిసింది. నీరు లేకపోయినా ఆకు వాలుతుంది. నీరెక్కువై వేరు కుళ్ళినా, ఆ వేరు నీటిని పైకి పంపలేదు కనుక, అలాగే వాలుతుంది. నేను మొదటి అర్థం ఒక్కటే చదివాను. వెలుతురు తగ్గితే మొక్క తాగే నీరూ తగ్గుతుంది. మట్టి ఆరదు, వేళ్ళకు గాలి అందదు. గోడవార వెలుతురు చాలదని మన కంటికి తెలియదు, కన్ను చీకటికి సర్దుకొంటుంది, ఆకు సర్దుకోలేదు. పైగా కుండీని దించిన పింగాణీ తొట్టికి అడుగున రంధ్రమే లేదు.

అసలు ఇది ఎక్కడి చెట్టు? అస్సాం, మేఘాలయల అడవులలో 30 మీటర్ల ఎత్తు పెరిగేది. ఖాసీలు ఏళ్ళ తరబడి దీని ఊడలను వాగుల మీదుగా నడిపించి సజీవమైన వంతెనలు కట్టారు. మన మర్రి, రావి, మేడి, జువ్వి దీని దాయాదులే; పెద్దలు క్షీరవృక్షాలన్న కోవలోనిదే. (టైర్లకు వాడే రబ్బరు దీనిది కాదు, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరే చెట్టుది.) మర్రిని సోఫా పక్కన పెడతామా?

“గాలిని శుభ్రపరుస్తుంది” అని చీటీ కట్టి అమ్మడం ఇంకో అపప్రయోగం. 1989 నాటి నాసా పరిశోధన మూసివున్న గదిపెట్టెలలో జరిగింది. 2019లో అటువంటి పరిశోధనలన్నిటినీ లెక్కగట్టిన సమీక్ష, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలన్నది. అంతకంటే కిటికీ తెరవడం సులభం.

కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, ఇసుక కలిపిన కొత్తమట్టిలో నాటి, తూర్పు కిటికీ దగ్గర పెట్టాను. పాలు చేతికంటితే దురద పెడుతుంది, జాగ్రత్త. ఇప్పుడు వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే నీరు. ఆకులు మెరవడానికి కొబ్బరినూనె రాయమని పొరుగువారు సలహా చెప్పారు. దుమ్ము పట్టడానికి తప్ప నూనె దేనికీ పనికిరాదు, తడిగుడ్డ చాలు.

పదకొండు ఆకులు పోయాయి. నిన్న కొసన చిగురును చుట్టిన ఎఱ్ఱని పొర కనబడింది. ఆవిడ సంక్రాంతికి వస్తుంది. అందాకా, ఫోనులో మొక్కను చూపించమన్నప్పుడల్లా, ఆకులున్న వైపే చూపిస్తున్నాను.