వేలి కొన చిన్నదేం కాదు

గడ్డి కోసే మిషన్‌లోనో పవర్ ప్రెస్ కిందో వేలి కొన తెగితే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: ‘కొంచెమేగా పోయింది! ఎముక కాస్త కత్తిరించి కుట్లేస్తే సరిపోతుంది.’ కొన్ని గాయాలకు అది సరైన వైద్యమే. కానీ వేరే దారి ఉందని చెప్పకుండా మనిషి వేలిని పొట్టి చేయడం అన్యాయం.

వేలి కొనకున్నంత సూక్ష్మమైన స్పర్శ ఒంట్లో చాలా తక్కువ చోట్లే ఉంటుంది. రెండు సూది మొనలు 2, 3 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్నా అది విడివిడిగా పసిగడుతుంది. వీపు మీదైతే వాటి మధ్య కొన్ని సెంటీమీటర్లు ఉండాలి. దర్జీ సూదిలో దారం ఎక్కించేదీ, నేతగాడు తెగిన పోగు అతికేదీ ఈ స్పర్శతోనే. రేషన్ షాపులో మిషన్ అడిగే వేలిముద్ర కూడా ఇక్కడిదే.

ఎముక బయటపడిన గాయం మీద తొడ నుంచి ఒలిచి తెచ్చిన చర్మం అతుక్కోదు. వట్టి ఎముక దానికి రక్తం అందించలేదు. అందుకే ఫ్లాప్ కావాలి. రక్తనాళం తెగకుండా పక్కనున్న చర్మాన్నీ దాని కింది కొవ్వునూ జరిపి కప్పడమే ఫ్లాప్. వేలు అడ్డంగా తెగితే, మిగిలిన చర్మాన్ని ‘వి’ ఆకారంలో కోసి ముందుకు జరిపి ‘వై’ ఆకారంలో కుడతారు. వాలుగా తెగితే, ఎక్కువ మిగిలిన వైపు నుంచి ముక్కోణపు ఫ్లాప్‌ను నరంతో, రక్తనాళంతో సహా ముందుకు తెస్తారు. ఈ పద్ధతిని 1980లో ప్రపంచానికి చెప్పింది మన పక్కనే ఉన్న మద్రాసు వైద్యులు వెంకటస్వామి, సుబ్రమణియన్. నేటికీ దాన్ని వెంకటస్వామి ఫ్లాప్ అనే పిలుస్తారు.

లోపలివైపు కండ ఎక్కువగా పోతే, పక్క వేలి వెనుక చర్మాన్ని పుస్తకంలో పేజీలా తిప్పి గాయం మీద కుడతారు. రెండు వేళ్లనూ రెండు మూడు వారాలు కలిపే ఉంచి, తర్వాత విడదీస్తారు. ఇందులో పొడవు దక్కుతుంది. అయితే వెనుక చర్మానికి వేలిముద్ర గీతలుండవు, స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు, వయసు మీరినవారికి వేళ్లు బిగుసుకుపోవచ్చు. ఎముక బయటపడని చిన్న గాయమైతే ఏ ఫ్లాపూ అక్కర్లేదు. శుభ్రంగా కట్టు కడుతుంటే కొన్ని వారాల్లో దానంతట అదే పూడుతుంది. పిల్లల్లో మరీ బాగా మానుతుంది. ఈ మంచిచెడ్డలన్నీ రోగికి వివరించాకే కత్తి పట్టాలి.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టమంది. ఒక కణుపు పోతే 9 శాతం, ఎముక పోకుండా కొన మాత్రమే తెగితే 5 శాతం. ఆ వేలు దర్జీదా, గుమస్తాదా అని చట్టంలోని పట్టిక అడగదు. పరిహారం లెక్క అంతటితో ముగిసినా, ఆ చేత్తో మనిషి ఇంకా ముప్పై ఏళ్లు పని చేయాలి. కాపాడగలిగిన ప్రతి మిల్లీమీటరునూ ఆసుపత్రిలోనే కాపాడాలి.

గాయమైన వెంటనే పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచండి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. ఆపరేషన్ తర్వాత బీడీ, సిగరెట్ ముట్టొద్దు. పొగ రక్తనాళాలను కుంచింపజేసి ఫ్లాప్‌ను చంపేయొచ్చు.

ఈ ఆపరేషన్లలో చాలావాటికి వేలికో చేతికో మత్తిస్తే చాలు. కావలసింది నేర్చిన చెయ్యి. ఆ నేర్పు ప్రతి జిల్లా ఆసుపత్రికీ చేరాలి. కార్మికుల చికిత్స చూసే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులు అందులో ముందుండాలి. మిషన్‌కు గార్డు బిగించడం యజమాని బాధ్యత, అది బిగించాడో లేదో చూడటం ఫ్యాక్టరీల తనిఖీ అధికారి పని. ఇవన్నీ జరిగేదాకా, ఎముక కత్తిరిస్తామని డాక్టరు అన్నప్పుడు ‘ఫ్లాప్ వేయడానికి వీలుందా, వేసేవాళ్లు ఎక్కడున్నారు?’ అని రోగి తరఫువాళ్లు తప్పక అడగాలి. ఆ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పడం వైద్యంలో భాగమే.