ఇంటి విలువ తేలేదెలా?

నాన్న కట్టిన ఇంటిని తోబుట్టువుల్లో ఒకరు ఉంచుకుని, మిగిలినవారికి వాటా సొమ్ము ఇవ్వాలనుకుంటారు. ఏ ధర కట్టాలన్న దగ్గరే పేచీ. రిజిస్ట్రేషన్ శాఖ విలువ స్టాంపు డ్యూటీ లెక్క కోసం. 2013లో సవరించిన విలువలే తెలంగాణలో 2021 దాకా కొనసాగాయి. అన్నేళ్లూ బయటి ధరలు ఆగాయా? పోనీ, పక్కింటి దస్తావేజు చూద్దామంటే, చేతులు మారిన మొత్తమంతా అందులో ఉండకపోవచ్చు. బ్యాంకు వాల్యుయర్ అప్పు భద్రత చూసుకుని ఆచితూచి విలువ కడతారు.

అందుకే స్థలాన్నీ కట్టడాన్నీ విడదీసి చూడండి. అదే వీధిలో ఈమధ్య కొన్నవారిని, అమ్మినవారిని అడిగి గజం ధర తెలుసుకోండి. కట్టడానికి ఇప్పటి నిర్మాణ ఖర్చులోంచి వయసుకు తగ్గ తరుగు తీసేయండి. ఇద్దరు వాల్యుయర్లతో విడివిడిగా లెక్క కట్టించండి. అందరూ సరేనన్నాకే వాటాలు రాసుకోండి.